బుగ్గ మీది గుంటకీ ఓ లెక్కుంది!

ఈ రాత్రి ఓ చిన్న పని చేసి చూడండి. గదిలో లైటు తీసేసి అద్దం ముందు నిలబడండి. సెల్‌ఫోన్ టార్చ్ వెలిగించి ముఖానికి ఎదురుగా కాకుండా చెవి పక్కనుంచి బుగ్గ మీదకి వెయ్యండి. ఇన్నాళ్ళూ నున్నగా ఉందనుకున్న బుగ్గ దున్నిన చేనులా కనిపిస్తుంది. సన్నటి రంధ్రాలు, గీతలు, ఎప్పుడో గిల్లిన మొటిమ వదిలేసిన గుంట, అన్నీ బయటపడతాయి. కంగారు పడకండి. చర్మమంటే అంతే.

కంప్యూటర్లో ముఖాలు చెక్కేవాళ్ళకి ఈ దున్నిన చేనే అసలు పరీక్ష. ముక్కు, కళ్ళు, పెదాలు అన్నీ సరిగ్గా కుదిరినా పైన చర్మం నున్నగా ఉంటే అది మనిషి కాదు, ప్లాస్టిక్ బొమ్మ. తెర మీద కనిపించే రాక్షసుడి పొలుసులకైనా, ముసలి రాజు నుదుటి ముడతలకైనా ప్రాణం పోసేది ‘డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్’ అనే ఓ నలుపు తెలుపుల బొమ్మ. దాని సంగతి నాకు చదివితే అర్థం కాలేదు. మా నాయనమ్మ ముఖం చెయ్యబోయి మూడుసార్లు దెబ్బ తిన్నాక అర్థమైంది.

గోడ మీద ఫోటో అబద్ధమాడింది

బతుకుతెరువుకి కంప్యూటర్లో బొమ్మలు చేసేవాణ్ణి నేను. ప్రకటనల కోసం సీసాలు, కుర్చీలు, ఇంకా కట్టని ఫ్లాట్ల బొమ్మలు... ఇవే నా పని. ముఖాల జోలికి ఎప్పుడూ పోలేదు. నాయనమ్మ సంవత్సరీకానికి జానెడు ఎత్తున ఆవిడ తల బొమ్మ చేసి, త్రీడీ ప్రింటు తీసి నాన్న చేతికివ్వాలనిపించింది. ‘ఎంతసేపు? రెండు వారాల పని’ అనుకున్నాను.

హాల్లో దండ వేసిన ఫోటో చూసి మొదలుపెట్టాను. అందులో నాయనమ్మ ముఖం అద్దంలా మెరిసిపోతూ ఉంటుంది. కానీ మా అందరికీ తెలుసు, ఆవిడ ముఖం అలా ఉండేది కాదు. ఏడేళ్ళప్పుడు పెద్దమ్మవారు పోసింది. బతికి బయటపడింది గానీ రెండు బుగ్గల మీదా గుంటలు మిగిలిపోయాయి. పాతకాలం స్టూడియోల్లో నెగెటివ్ మీద పెన్సిలుతో దిద్ది మచ్చలు మాయం చేసేవారు. మా గోడ మీదున్నది అలా దిద్దిన ముఖం.

అసలు ముఖం దొరికింది మా చెల్లి ఫోన్లో. వీధి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే సాయంత్రం ఎండలో తీసిన ఫోటో. ఎండ పక్కనుంచి పడింది కాబట్టి ప్రతి గుంటా దాని నీడతో సహా కనిపించింది. మీరు అద్దం ముందు టార్చ్‌తో చేసిన పనే, అక్కడ సూర్యుడు చేశాడన్నమాట.

రంగు వేరు, ఎత్తు వేరు

మొదటి పాఠం నాయనమ్మ నుదుటి మీదే దొరికింది. అక్కడ ఓ పచ్చబొట్టు. బుగ్గల మీద అమ్మవారి మచ్చలు. ఫోటోలో రెండూ ముదురుగానే కనిపిస్తాయి. కానీ కళ్ళు మూసుకుని వేలితో తడిమితే? పచ్చబొట్టు తగలదు, గుంట తగులుతుంది. కంప్యూటర్ శిల్పంలో ఈ రెండింటికీ రెండు వేర్వేరు బొమ్మలు కావాలి. పచ్చబొట్టు రంగు చెప్పే బొమ్మలోకి పోతుంది. గుంట ఎత్తుపల్లాలు చెప్పే బొమ్మలోకి పోతుంది. ఆ రెండోదే డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్.

అయితే ఎత్తుపల్లాలు చూపించడానికి ఓ దొంగదారి కూడా ఉంది. దాని పేరు ‘బంప్ మ్యాప్’. జిమ్ బ్లిన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1978లో దీన్ని ప్రపంచానికి చూపించాడు. ఉపరితలాన్ని కదిలించకుండా, దాని మీద పడే వెలుగు లెక్కని మాత్రం మార్చేస్తే చాలు, కన్ను మోసపోయి అక్కడ గుంట ఉందనుకుంటుంది. పని చవక, ఫలితం అమోఘం. వీడియో గేముల్లో ఎక్కువగా కనిపించే ‘నార్మల్ మ్యాప్’ కూడా ఈ కుటుంబంలోదే.

మోసం ఎక్కడ పట్టుబడుతుందో తెలుసా? అంచు దగ్గర. కంప్యూటర్లో చేసిన నారింజపండు తొక్క మీద బోలెడు గుంటలు కనిపిస్తాయి. దాని అంచు గీతని చూడండి. అది కంపాస్‌తో గీసిన వృత్తంలా నున్నగా ఉంటే అక్కడ గుంటల్లేవు, గుంటల నీడలు మాత్రమే ఉన్నట్టు.

ఈ తేడాని నిజంగా అర్థం చేసుకోవాలంటే జనగామ జిల్లా పెంబర్తి వెళ్ళాలి. అక్కడి లోహ కళాకారులు ఇత్తడి రేకుని చిన్న చిన్న ఉలులతో కొడుతూ, అందులోంచి దేవతామూర్తుల్ని, లతల్ని పైకి తీసుకొస్తారు. రేకు మీద లత బొమ్మని రంగులతో నీడలతో సహా గీస్తే అది బంప్. రేకునే కొట్టి లతని లేపితే అది డిస్‌ప్లేస్‌మెంట్. దూరంనుంచి రెండూ ఒకేలా ఉండొచ్చు. చెయ్యి పెడితే తెలిసిపోతుంది.

రేకుని కొట్టే పద్ధతిని కంప్యూటర్ లోకానికి పరిచయం చేసినవాడు రాబ్ కుక్. లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేస్తూ 1984లో రాసిన పరిశోధన పత్రంలో, వెలుగు లెక్క మార్చడం కాదు, ఉపరితలం మీది బిందువునే జరిపేద్దామన్నాడు. ఆ తర్వాత మూడేళ్ళకి ఆయన, లోరెన్ కార్పెంటర్, ఎడ్ క్యాట్‌మల్ కలిసి ‘రేయెస్’ అనే చిత్రణ పద్ధతిని ప్రచురించారు. ఏ ఆకారాన్నైనా పిక్సెల్ కంటే చిన్న పలకలుగా తరిగేసి, వాటిని జరుపుకుంటూ బొమ్మ కట్టడం దాని కిటుకు. పిక్సార్ వాళ్ళ రెండర్‌మ్యాన్ సాఫ్ట్‌వేర్ దీనిమీదే నిలబడింది. 2001లో ఆ ముగ్గురికీ ఆస్కార్ ప్రతిమ దక్కింది.

డేవిడ్ ఒంటి మీద ఉలి గాట్లు

ఇంకో మలుపు అసలు శిల్పాలనుంచే వచ్చింది. 1990ల చివర్లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు మార్క్ లెవాయ్ బృందం ఇటలీ వెళ్ళి మైకెలాంజిలో శిల్పాల్ని లేజర్‌తో కొలిచింది. ఫ్లారెన్స్‌లోని డేవిడ్ శిల్పం ఒక్కదానికే 22 మంది 30 రాత్రులు పనిచేశారు. పావు మిల్లీమీటరు దాకా కొలవాలని పట్టుబట్టారు. ఎందుకంటే అంతకంటే ముతకగా కొలిస్తే శిల్పి ఉలి గాట్లు పోతాయి. గాట్లు పోతే అది మైకెలాంజిలో చెయ్యి కాదు, ఓ పాలరాతి ఆకారం మాత్రమే. అన్నట్టు, పుస్తకాల్లో 4.34 మీటర్లని ఉన్న ఆ శిల్పం తీరా కొలిస్తే 5.17 మీటర్లు తేలింది. తెచ్చుకున్న యంత్రం ఎత్తు చాలక, దాన్ని పొడిగించుకోవాల్సి వచ్చింది!

చివరికి డేవిడ్ లెక్క 200 కోట్ల పలకలకి చేరింది. అంత బరువైన ఆకారాన్ని ఏ కంప్యూటర్ మొయ్యాలి? దారి అంతకుముందే దొరికింది. 1996లో వెంకట్ కృష్ణమూర్తి, లెవాయ్ కలిసి రాసిన పత్రంలో ఓ ఉపాయం ఉంది. ఆకారాన్ని తేలికైన, నున్నటి ఉపరితలంగా మార్చేసి, పోయిన సన్నటి వివరాల్ని విడిగా ఓ డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్‌లో దాచిపెట్టడం. కావాల్సినప్పుడు రెండూ కలుపుకుంటే సరి. ఈ బాటలో కృష్ణమూర్తి తయారుచేసిన పారాఫార్మ్ సాఫ్ట్‌వేర్‌కి 2001లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం ఇచ్చింది.

రాతిని కొలిచి తెచ్చుకోవడం కాదు, కంప్యూటర్లోనే బంకమట్టిలా చెక్కుకునే వీలు జీబ్రష్ వచ్చాక కుదిరింది. దాని సృష్టికర్త ఓఫర్ అలోన్‌ని కూడా అకాడమీ 2014లో సత్కరించింది. ఇవాళ బ్లెండర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ పని చెయ్యొచ్చు. నేను చేసింది అందులోనే.

బూడిద రంగులో కొండలూ లోయలూ

ఇంతకీ ఈ మ్యాప్ ఎలా పనిచేస్తుంది? ముందు తల ఆకారాన్ని విప్పి బల్లపరుపుగా పరవాలి. కుట్టిన జాకెట్టుని కుట్లు ఊడదీసి ముక్కలుగా నేలమీద పరిచినట్టు. కుట్లు ఎక్కడ రావాలో మంచి టైలరుకి తెలిసినట్టే, చీలిక గీత జుట్టులోనో చెవి వెనకో వచ్చేలా చూసుకోవాలి. బుగ్గ మధ్యలో వచ్చిందా, అక్కడ గీత కనిపించే ప్రమాదం ఉంది.

ఆ పరిచిన ముక్కల మీద నలుపు తెలుపుల బొమ్మ ఉంటుంది. సరిగ్గా మధ్యస్థంగా ఉండే బూడిద రంగు అంటే ‘ఇక్కడ ఏమీ కదలొద్దు’ అని అర్థం. అంతకంటే తెలుపైతే చర్మం పైకి లేవాలి. నలుపైతే లోపలికి దిగాలి. ఎంత తెలుపో అంత ఎత్తు, ఎంత నలుపో అంత లోతు. అంటే నాయనమ్మ బుగ్గ మీది ప్రతి మచ్చా ఓ నల్లటి చుక్క. దాని అంచు కాస్త ఉబ్బి ఉంటే చుట్టూ సన్నటి తెల్లటి వలయం.

జరపడానికి బిందువులు కూడా కావాలి కదా! రేకు మందంగా ఉంటే సన్న నగిషీ రాదు. నేను చేసిన తలలో మొదట 10 వేల పలకలున్నాయి. ఒక్కో పలకని నాలుగు చేసుకుంటూ అయిదుసార్లు విభజిస్తే కోటి దాటింది. అప్పుడుగానీ మచ్చ మచ్చలా దిగదు.

మూడు దెబ్బలు

మొదటి దెబ్బ: సీసాలూ కుర్చీలూ చేసిన అలవాటు కొద్దీ మచ్చల బొమ్మని బంప్‌గా తగిలించేశాను. తెర మీద అద్భుతం! మచ్చలు, నీడలు, అచ్చంగా నాయనమ్మే. మురిసిపోయి ప్రింటింగ్‌కి పంపాను. నాలుగు రోజులకి పెట్టె వచ్చింది. విప్పి చూస్తే బుగ్గలు నున్నగా ఉన్నాయి. గోడ మీద ఫోటోలో లాగే! ప్రింటరుకి వెలుగునీడల మాయ తెలీదు. దానికి ఆకారం మాత్రమే తెలుసు. నేను ఆకారంలో ఏమీ పెట్టలేదు. అంటే ఆ స్టూడియో వాడు చేసిన పనే నేనూ చేశానన్నమాట, తెలీకుండా.

రెండో దెబ్బ: ఈసారి నిజమైన డిస్‌ప్లేస్‌మెంట్ పెట్టాను. ముఖం మొత్తం ఉబ్బిపోయింది. కనురెప్పలు ఒకదానికొకటి అంటుకున్నాయి, దవడల కింద గవదబిళ్ళలు వచ్చినట్టుంది. కారణం చిన్నదే. నా బొమ్మలో కదలని చోటు అంటే మధ్యస్థ బూడిద, విలువ 0.5. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఆ గడిలో సున్నా ఉండిపోయింది. ‘నలుపు అంటేనే కదలొద్దని అర్థం’ అని అది అనుకుంది. దాంతో మామూలు చర్మమంతా పైకి లేచింది. గడిలో 0.5 అని కొట్టగానే వాపు దిగిపోయింది.

మూడో దెబ్బ: బొమ్మని అలవాటుగా జేపెగ్‌లో దాచాను. తెర మీద పక్కనుంచి లైటు వేసి చూస్తే బుగ్గ మీద మెట్లు మెట్లుగా గీతలు, కొండవాలు మీద పొలం మడుల్లా. జేపెగ్‌లో నలుపునుంచి తెలుపు దాకా ఉండేవి 256 మెట్లే. పది మిల్లీమీటర్ల ఎత్తుని వాటికి పంచితే ఒక్కో మెట్టు 0.04 మిల్లీమీటర్లు. పక్క వెలుగులో కంటికి దొరికిపోతుంది. అదే 16 బిట్ల బొమ్మైతే 65,536 మెట్లు. వాలు నున్నగా జారుతుంది. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్ళు ఎత్తుల బొమ్మల్ని 16 లేదా 32 బిట్లలోనే దాస్తారు.

ముందు ఎముక, చివర రంధ్రం

వీటికంటే పెద్ద తప్పు ఇంకోటుంది. అది సాఫ్ట్‌వేర్‌ది కాదు, తొందరది. నేర్చుకునేవాళ్ళలో చాలామంది ముఖం కుదరకముందే చర్మ రంధ్రాలు చల్లేస్తారు. పునాది లేని ఇంటికి సున్నం వేసినట్టు. ముందు ఎముక, కండ. తర్వాత ముడతలు, మడతలు. ఆఖర్న రంధ్రాలు. ఈ వరస తప్పకూడదు.

రంధ్రాలకి కూడా చోటుని బట్టి పద్ధతి మారుతుంది. ముక్కు మీద గుండ్రంగా ఉండేవి బుగ్గ మీదకొచ్చేసరికి సాగి, ఓ దిక్కుకి వాలతాయి. నుదుటి గీతలు అడ్డంగా నడుస్తాయి. రెడీమేడ్‌గా దొరికే చర్మపు అచ్చులుంటాయి. గవ్వల చెక్క మీద పిండి నొక్కితే చారలు పడినట్టు, వాటిని ముఖం మీద నొక్కుకుంటూ పోవచ్చు. ఒకే అచ్చుని ఒకే దిక్కున నొక్కితే మాత్రం ముఖం గోడకి అంటించిన కాగితంలా తయారవుతుంది.

నేను చూసిన అచ్చుల్లో మొటిమల మచ్చలున్నాయి, కాలిన గాయాలున్నాయి, మొసలి చర్మం కూడా ఉంది. అమ్మవారి మచ్చలు దొరకలేదు. మశూచి ప్రపంచంలో లేదని 1980లో ప్రకటించారు. ఆ జబ్బు పోవడం ఎంత అదృష్టమో చెప్పక్కర్లేదు. కానీ దాన్ని గెలిచి బతికినవాళ్ళ ముఖాలు కూడా ఒక్కొక్కటిగా వెళ్ళిపోతున్నాయి. మా పిల్లలకి ఆ గుంటలేమిటో తెలీదు. కాబట్టి ఒక్కో మచ్చనీ చెల్లి ఫోటో చూసుకుంటూ చేత్తోనే వేశాను. మొత్తం 61.

బరువు కమ్మలకి సాగిపోయిన చెవి తమ్మెలు ఇంకో చిక్కు. మామూలు డిస్‌ప్లేస్‌మెంట్ చర్మాన్ని నిటారుగా పైకో కిందకో మాత్రమే జరుపుతుంది. వంగి, మడతపడే ఆకారం దాని చేత కాదు. దానికి మూడు దిక్కుల్లోనూ జరిపే ‘వెక్టర్ డిస్‌ప్లేస్‌మెంట్’ కావాలి. అది ఎత్తుని కాక, ఎటు ఎంత జరగాలో ఎరుపు ఆకుపచ్చ నీలం రంగుల్లో దాస్తుంది. నేను ఆ గొడవ పెట్టుకోకుండా తమ్మెల్ని అసలు ఆకారంలోనే చెక్కేశాను.

అడగని ప్రశ్న

ఇదంతా చూస్తూ అమ్మ ఓ రోజు అడిగింది. “ఏరా, ఫోటోలో అత్తయ్య ఎంత బాగుంది! మళ్ళీ ఆ మచ్చలెందుకు తవ్వుతున్నావ్? ఆవిడ వాటిని చూసుకోలేకే అద్దం దగ్గర నిలబడేది కాదు.”

నా దగ్గర జవాబు లేదు. ఒకప్పుడు ఈ ప్రశ్నే రాదు, ఎందుకంటే అంత వివరం ఎవరికీ సాధ్యం కాదు. ఇప్పుడు సాధ్యం. 2020లో ఎపిక్ గేమ్స్ తన కొత్త గేమ్ ఇంజిన్ పనితనం చూపిస్తూ, జీబ్రష్‌లో చెక్కిన, 3.3 కోట్లకు పైగా త్రిభుజాలున్న ఓ విగ్రహాన్ని నేరుగా దింపి, అలాంటివి దాదాపు 500 ఒకే హాల్లో నిలబెట్టింది. మనిషి ముఖాన్ని రంధ్రం దాకా దాచిపెట్టగలిగినప్పుడు, దాచుకోవడానికి ఎవరు ఒప్పుకోవాలన్న ప్రశ్న కూడా వస్తుంది. 2023లో హాలీవుడ్ నటులు చేసిన 118 రోజుల సమ్మెలో ముఖ్యమైన పట్టు ఇదే: మా డిజిటల్ రూపం వాడాలంటే మా అనుమతి కావాలని. నటులు సమ్మె చేసి అడగగలిగారు. నాయనమ్మని నేను అడగలేను.

నాన్నని అడిగాను. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే అన్నాడు: “నేను పుట్టినప్పట్నుంచి చూసిన ముఖం అదేరా. గోడ మీదున్నావిడ ఎవరో నాకు తెలీదు.”

అమ్మ ఇంకేం మాట్లాడలేదు. ఒప్పుకుందనీ చెప్పలేను.

రెండో ప్రింటు సంవత్సరీకానికి రెండు వారాల ముందు వచ్చింది. అసలు తలలో సగం సైజు. ఇలాంటి రెజిన్ ప్రింటర్లు ఒక్కో పొరని 0.05 మిల్లీమీటర్ల మందంతో పేర్చుకుంటూ పోతాయి. సగం సైజుకి తగ్గిస్తే మచ్చల లోతు కూడా సగమైపోతుంది కాబట్టి ముందే కాస్త పెంచి పంపాను. సన్నటి రంధ్రాలు చాలావరకు పోయాయి. మచ్చలు మాత్రం నిలిచాయి.

నాన్న దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకున్నాడు. ఆ కిటుకు ఆయనకి ఎవరూ చెప్పలేదు. బొటనవేలితో కుడి బుగ్గ తడిమాడు, ఎడమ బుగ్గ తడిమాడు. వేలు దవడ కిందకి జారి, అక్కడే ఆగిపోయింది. కాసేపు వెతికింది.

“ఇక్కడ ఇంకోటుండాలి” అన్నాడు. “కందిగింజంత. చిన్నప్పుడు ఒళ్ళో పడుకుంటే నా వేలు దాని మీదే ఉండేది.”

చెల్లి తీసిన ఫోటోలో ఆ పక్కంతా నీడ. నాకెలా కనిపిస్తుంది? ఆ రాత్రి కంప్యూటర్ తెరిచి, నాన్నని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆయన తెర మీద వేలు పెట్టి చూపించిన చోట, మధ్యస్థ బూడిద రంగులో, కందిగింజంత నల్లటి చుక్క ఒకటి వేశాను. 62.